రాకీయాత్రా సూత్రములు: ‘డొంకదారి’ వ్యాఖ్యాసహితము

అవతారిక

సియాటిల్ పరిసర వాస్తవ్యుడు, సకల లాంగ్ వీకెండ్ల పైనా సర్వహక్కులు గలవాడు, స్ప్రెడ్‌షీటు తెరవనిదే కాఫీ ముట్టనివాడు అయిన ఒక మహానుభావుడు మా వాట్సాప్ గ్రూపులో ఆరు సూత్రాల గ్రంథం ఒకటి వెలయించాడు. పేరు చెప్పను. ఈ వ్యాఖ్యలో ఆయన సూత్రకారుడు, అంతే.

శాస్త్రం మొదలుపెట్టే ముందు నాలుగు సంగతులు తేల్చాలని పెద్దల ఆజ్ఞ. విషయం: లేబర్ డే సెలవు కలుపుకొని మూడు రోజుల్లో అమెరికా నుంచి కెనడాలోకి, రాకీ పర్వతాల గుండా, తిరిగి అమెరికాలోకి కారు ప్రయాణం. ప్రయోజనం: ప్రకృతి సౌందర్య సందర్శనం. సంబంధం: అందరం ఒకప్పుడు ఒకే అపార్ట్‌మెంట్లలో అద్దెకుండటం. అధికారి, అనగా ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు: ఏడు సీట్ల బండి ఉన్నవాడు.

సూత్రానికి లక్షణాలు కూడా చెప్పారు. అక్షరాలు కొద్దిగా ఉండాలి, సందేహం ఉండకూడదు, సారం ఉండాలి. మొదటిది సిద్ధించింది. తక్కిన రెంటి కోసమే ఈ వ్యాఖ్యానం.

మన కొలిచెలమ మల్లినాథసూరి, నేటి మెదక్ జిల్లా కొల్చారం వాడు, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ ఒక మాట ఇచ్చాడు: ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని. ఆయన భారవికి రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గమన్నమాట. నాది డొంకదారి. ఆయన ప్రతిజ్ఞలో మొదటి సగానికే నేను కట్టుబడి ఉంటాను.

ప్రథమ సూత్రము

“ఫ్రెండ్స్, ఈ లాంగ్ వీకెండ్ రాకీస్ సీనిక్ డ్రైవ్ ఫిక్స్!!”

‘ఫ్రెండ్స్’ సంబోధన. సుగమము. ‘ఫిక్స్’ అనేది జరిగిపోయిన పని. ఎవరు చర్చించారు, ఎప్పుడు ఒప్పుకున్నారు అనే శంకకు ఇక్కడ తావు లేదు. వేదం లాగే ఇది అపౌరుషేయం. రెండు ఆశ్చర్యార్థకాలలో మొదటిది ఉత్సాహానికి, రెండోది ఇక మాట్లాడవద్దనడానికి.

‘సీనిక్ డ్రైవ్’ దగ్గర కొంచెం ఆగాలి. ఇందులో రెండు క్రియలు దాగి ఉన్నాయి: చూచుట, తోలుట. రెంటికీ కర్త ఒకడే అని పైకి తోస్తుంది. కాదు. కొండదారిలో తోలేవాడు చూస్తే బండి లోయలోకి పోతుంది. కనుక చూచేవారు వేరు, తోలేవాడు వేరు. సూత్రకారుడికి మోకాలి నొప్పి అని, అందువల్ల ముందు సీటులో కూర్చుని దారి చెప్తారని ప్లాను షీటు రెండో పేజీలో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. ఈ సూత్రానికి ఇదే సారం.

ద్వితీయ సూత్రము

“తెల్లారి ఐదుకి షార్ప్ స్టార్ట్. పీస్ ఆర్చ్ దగ్గర గ్రూప్ ఫోటో. బోర్డర్ టెన్ మినిట్స్. ఎవరి డాక్యుమెంట్స్ వాళ్ళు చూసుకోండి.”

‘ఐదుకి’ అన్నచోట ముఖ్యార్థం కుదరదు. నాలుగు కుటుంబాలు, ఆరుగురు పిల్లలు, ఒక బామ్మగారు ఐదింటికి బయలుదేరడం ప్రత్యక్ష ప్రమాణానికి విరుద్ధం. ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడు లక్షణ పట్టాలి. గంగలో గొల్లపల్లె అంటే ఊరు నీళ్ళలో ఉందని కాదు, గంగ ఒడ్డున ఉందని ఆలంకారికులు వెయ్యేళ్ళుగా చెప్తున్నారు. అలాగే ఐదు అంటే ఐదు గట్టున, అనగా ఆరున్నర. ‘షార్ప్’ అనేది పాదపూరణం.

పీస్ ఆర్చ్ బ్లెయిన్ దగ్గర సరిగ్గా రెండు దేశాల గీత మీద నిలబెట్టిన తెల్లని తోరణం. 1921లో కట్టారు. ఆ తోరణంలో ఇనుప తలుపులున్నాయి, ఎన్నడూ మూయరాదనే కోరిక వాటి పైన చెక్కి ఉంది, ఆ కోరికకు తగ్గట్టే తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. తోరణం పక్కనే కార్ల వరస. తలుపులు తెరిచే ఉన్నాయి, వరస కదలదు. లోకంలో శాంతికి కట్టిన కట్టడాలన్నిటి పక్కనా ఒక చెకింగ్ కిటికీ ఎందుకుంటుందో నాకు ఏ శాస్త్రంలోనూ సమాధానం దొరకలేదు.

‘టెన్ మినిట్స్’ అతిశయోక్తి. సెలవు రోజుల్లో అక్కడ గంట దాటడం మామూలే.

‘ఎవరి డాక్యుమెంట్స్ వాళ్ళు చూసుకోండి.’ సుగమము.

తృతీయ సూత్రము

“గ్లేషియర్‌లో లంచ్, లేక్ లూయిస్‌లో సన్‌సెట్. ఫుడ్ అంతా ఇంటి నుంచే.”

‘గ్లేషియర్’ శ్లేష. ఈ కొండల్లో గ్లేషియర్ నేషనల్ పార్కు అనే పేరుతో రెండు ఉన్నాయి. ఒకటి కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో, 1886లో వెలిసింది. రెండోది అమెరికాలో, మొంటానాలో, 1910లో. రెంటికీ మధ్య కొన్ని వందల మైళ్ళ కొండలూ ఒక దేశపు సరిహద్దూ ఉన్నాయి. సూత్రకారుడు మొదటిరోజు భోజనం కెనడా గ్లేషియర్‌లో రాసి, దానికి పార్కింగ్ చిట్కాలు మొంటానా గ్లేషియర్‌వి జతచేశాడు. సామాన్యులు దీన్ని పొరపాటంటారు. శ్రీహర్షుడు నలుణ్ణీ నలుడి వేషంలో వచ్చిన దేవతలనూ ఒకే మాటల్లో వర్ణించి దమయంతిని తికమక పెడితే దాన్ని పంచనలీయమని నెత్తిన పెట్టుకున్నాం. మన సూత్రకారుడికి ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

కెనడా గ్లేషియర్ నడుమ రోజర్స్ పాస్ ఉంది. ఇప్పుడు నున్నని ట్రాన్స్ కెనడా హైవే. ఆ కనుమ గుండా మొదట పోయింది రైలు. 1910 మార్చిలో పట్టాల మీద పడిన మంచును తవ్వుతున్న కూలీల మీద రెండోవైపు కొండ నుంచి మరో మంచుచరియ విరిగిపడి 58 మంది పోయారు. అందులో ఎక్కువమంది జపాను నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్ళు. ఆ తర్వాత రైలువాళ్ళు కనుమ మీది దారి వదిలేసి 1916లో కొండ కిందుగా సొరంగం వేసుకున్నారు. ఇప్పటికీ చలికాలంలో కెనడా సైన్యం అక్కడ ఫిరంగులు పెట్టి, ప్రమాదకరంగా పేరుకున్న మంచును ముందే పేల్చి దించుతుంది. మన సూత్రంలో ఈ చోటికి ‘లంచ్’ అని పేరు. షీటులో ముప్పై నిమిషాలు.

పైగా రెవెల్‌స్టోక్ దాటి గోల్డెన్ చేరేలోపు గడియారం గంట ముందుకు జరుగుతుంది. అక్కడ కాలమండలం మారుతుంది. ఆ గంట షీటులో లేదు. సూర్యుడు లేక్ లూయిస్‌లో షీటు ప్రకారం అస్తమించడు.

‘ఫుడ్ అంతా ఇంటి నుంచే’ అన్న వాక్యానికి కర్త లేడు. క్రియ కూడా లేదు. ఇలాంటిచోట అధ్యాహారం చేసుకోవాలి, అంటే లోపించిన మాటలు వ్యాఖ్యాత నింపాలి. నింపుతున్నాను: ముందురోజు ఆఫీసు నుంచి ఆరింటికి వచ్చి, పిల్లల బట్టలు సర్ది, రాత్రి పదకొండింటి దాకా పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాల్లో పెట్టి, రైస్ కుక్కరూ చారుపొడీ ఆవకాయా సంచిలో వేసి, మళ్ళీ తెల్లారి నాలుగింటికి లేచి పూరీలు వత్తినవారి చేత ‘ఫుడ్ అంతా ఇంటి నుంచే’. ఎవరి ఇంటి నుంచి అన్నది కూడా మూలంలో లేదు గానీ, సూత్రకారుడి ఇంటి నుంచి పేపరు ప్లేట్లు వస్తాయని సంప్రదాయం.

చతుర్థ సూత్రము

“సెకండ్ డే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే. అన్ని వ్యూ పాయింట్లూ కవర్, ఒక్కోటి 15 మినిట్స్. మొరెయిన్ లేక్ ఆన్ ద వే.”

చివరి మాట ముందు తీసేద్దాం. మొరెయిన్ లేక్ దారిలో 2023 నుంచి సొంత కార్లను రానివ్వడం లేదు. ముందే సీటు బుక్ చేసుకుని షటిల్ బస్సులో పోవాలి. కాబట్టి ‘ఆన్ ద వే’ అనేది గగనకుసుమం. ఒకప్పటి కెనడా ఇరవై డాలర్ల నోటు వెనక ఉన్న బొమ్మ ఆ సరస్సుదే; అక్కడికి పోలేనివాళ్ళు పాత నోటు సంపాదించుకుని చూడవచ్చు.

ఇక ‘15 మినిట్స్’.

ఇక్కడ నేను కాసేపు దారి తప్పుతాను. ముందే చెప్పాను, ఇది డొంకదారి అని.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘానికి ఇచ్చింది కూడా ఐటినరరీయే. పూర్వమేఘమంతా అదే. రామగిరిలో మొదలు, అలకాపురిలో చివర. నడుమ ఆమ్రకూటం, వింధ్య పాదాల దగ్గర చీలిపోయిన రేవానది, విదిశ, ఉజ్జయిని, చర్మణ్వతి, దశపురం, కురుక్షేత్రం, కనఖలం, ఆపైన హిమాలయం. హిమాలయంలో క్రౌంచరంధ్రం ఉంది. పరశురాముడు బాణంతో తొలిచాడంటారు. మానససరస్సుకు పోయే హంసలకు అదే వాకిలి. అక్కడ ఇరుకు కనుక ఒళ్ళు పొడుగ్గా సాగదీసి ఏటవాలుగా దూరమని మేఘానికి చెప్తాడు యక్షుడు. కొండల్లో డ్రైవరుకి చెప్పాల్సిన మాట అంటే అదీ.

ఇంధనం సంగతీ మరిచిపోలేదు. ఆమ్రకూటం మీద కార్చిచ్చు ఆర్పి, వాన కురిసి తేలికపడతావు, తేలికపడ్డవాణ్ణి గాలి ఎత్తి పడేస్తుంది, అందుకని రేవలో నీళ్ళు తాగి బరువెక్కి ముందుకు పో అంటాడు. లేక్ లూయిస్ నుంచి జాస్పర్ దాకా 230 కిలోమీటర్ల పార్క్‌వే మీద దాదాపు మూడో వంతు దారిలో సస్కాచువాన్ క్రాసింగ్ అనే ఒక్కచోటే పెట్రోలు దొరుకుతుంది, అదీ ఏడాదంతా కాదు. ఫోను సిగ్నలు దారిలో చాలా మేర ఉండదు. మన సూత్రాల్లో రేవానది లేదు.

ఉజ్జయిని సంగతి చూడండి. ఉత్తరానికి పోయేవాడికి అది వంకరదారే. అయినా పోయి తీరమంటాడు. మేడల పరిచయం వదులుకోకు, అక్కడి స్త్రీల చూపులు దక్కకపోతే మోసపోయినట్టే అంటాడు. పోయాక పావుగంటలో రమ్మన్నాడా? మహాకాలుడి గుడికి ఏ వేళ చేరినా సరే, సూర్యుడు కనుమరుగయ్యేదాకా ఆగు, సాయంపూజకు నీ ఉరుమే నగారా కావాలి అన్నాడు. ఆ రాత్రి ఎక్కడుండాలో కూడా చెప్పాడు: పావురాలు నిద్రపోయే ఏదో ఒక మేడ చూరు మీద. ఎందుకట? రోజంతా మెరిసి మెరిసి మెరుపు అలిసిపోయి ఉంటుంది. మెరుపు మేఘుడి భార్య. అంత విరహంలో, తన భార్య ఏమైపోయిందో అని ప్రాణం కొట్టుకుంటున్నవాడు, ఎదుటివాడి భార్య అలసటను ప్లానులో రాశాడు. పులిహోర కలిపినవారు ఈ చోట పుస్తకం మూసి కాసేపు ఆలోచించుకోవచ్చు.

అన్నిటికన్నా నాకు ప్రాణమైన చోటు దానికి ముందే వస్తుంది. నా కోసం నువ్వు తొందరగానే పోవాలనుకుంటావు, నాకు తెలుసు. అయినా పూలు వాసనలీనే ప్రతి కొండ మీదా నీకు ఆలస్యమవుతుంది, అదీ నాకు తెలుసు. నెమళ్ళు కళ్ళలో నీళ్ళు పెట్టుకుని కేకలతో ఎదురొస్తాయి, ఎలాగో ఒకలా కదులు, అంటాడు. చూశారా? ఒక్కరోజు ఆలస్యమైనా భరించలేని స్థితి ఆయనది. ఆ మనిషి ఆలస్యానికి ముందుగానే చోటు వదిలాడు. ఎందుకంటే కొండలంటే ఏమిటో ఆయనకు తెలుసు. కొండ దగ్గర ఆగనివాణ్ణి నమ్మి కబురు పంపడం దండగ అని కూడా తెలిసే ఉంటుంది, కానీ ఈ చివరి మాటకు మల్లినాథుడి సమ్మతి లేదు, నాదే.

ఇదే వరసలో ఏనుగుల వీరాస్వామయ్యనూ తలచుకోవాలి. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరాడు. ఆయన సవారీ మోసేందుకు బోయీలు ఉండేవారు. కుంఫిణీ రాజ్యం, నిజాం రాజ్యం, నాగపూరు రాజ్యం, అన్నీ దాటాడు. ఏ మజిలీలో దిగితే నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, దారి రాళ్ళదా ఇసుకదా, దిగడానికి చోటుందా, అన్నీ రాసుకున్నాడు. తర్వాత వచ్చేవాళ్ళకు పనికి రావాలని. ఆయన పుస్తకంలో మోసేవాళ్ళు కనిపిస్తారు. మా షీటులో పదిహేడు గళ్ళున్నాయి. తోలేవాడి పేరుకు గడి లేదు.

సరే, పదిహేను నిమిషాలు. ఈ పార్క్‌వేను 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, పని దొరకని వాళ్ళ చేత పలుగూ పారలతో వేయించి 1940లో తెరిచారు. ఏళ్ళు పట్టింది. దాని మీద అథబాస్కా హిమానీనదం పక్కన నిలబడితే, ఏ సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే గుర్తు పలకలు పాతి ఉంటాయి. ఒక పలక నుంచి ఇంకో పలకకు నడవాలి. నూట పాతికేళ్ళలో అది ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా వెనక్కి తగ్గింది. మన తాతలు పుట్టిన ఏడాది పలక దగ్గర మొదలుపెట్టి, మన పిల్లలు పుట్టిన ఏడాది దాటి, ఇంకా నడిస్తే గానీ మంచు అందదు. ఈ నడక పావుగంటలో అవుతుందా? అవదు. పార్కింగులోంచి ఫోటో అవుతుంది. పేటో లేక్ ఆ నీలి ఆకుపచ్చ రంగులో ఎందుకుందో పిల్లవాడు అడుగుతాడు. హిమానీనదం కొండను నూరి పిండి చేస్తుంది, ఆ పిండి నీళ్ళలో తేలుతూ వెలుగును అలా చెదరగొడుతుంది అని చెప్పేలోపు ముందు కారు హారన్ కొడుతుంది. అంతే. కొండ చూడటానికి వెయ్యి కిలోమీటర్లు పోయి, కొండ ముందు నిలబడి గడియారం చూసుకునే ఈ పనికి ఎవరైనా నాకు అర్థం చెప్పండి. వ్యాఖ్యాతను నేనే అయినా అడుగుతున్నాను.

పంచమ సూత్రము

“రిటర్న్ చీఫ్ మౌంటెన్ బోర్డర్, గోయింగ్ టు ద సన్ రోడ్ మీదుగా. ఓవర్‌నైట్ డ్రైవ్. ఫుల్ సీనిక్!”

జాస్పర్ నుంచి కాల్గరీ మీదుగా చీఫ్ మౌంటెన్ గేటుకి ఏడెనిమిది గంటలు. అక్కడి నుంచి సియాటిల్‌కి పది గంటలకు పైమాటే. మధ్యలో గోయింగ్ టు ద సన్ రోడ్డు. యాభై మైళ్ళ రాతి అంచు దారి, 1932లో పూర్తయింది, లోగన్ పాస్ దగ్గర 6,646 అడుగుల ఎత్తు ఎక్కుతుంది. ఇరవై ఒక్క అడుగుల పొడవు దాటిన బండిని పైకి పోనివ్వరు. అంత గొప్ప దారిలోకి మన బృందం షీటు ప్రకారం రాత్రి పదింటికి ప్రవేశిస్తుంది. పేరులోనే సూర్యుణ్ణి పెట్టుకున్న రోడ్డు మీద చీకట్లో ‘ఫుల్ సీనిక్’. విరోధాభాసమని సరిపెట్టుకుందామంటే, విరోధాభాసంలో చివరికి విరోధం తొలగాలి. ఇక్కడ తొలగదు. చీఫ్ మౌంటెన్ గేటు ఎండాకాలపు గేటు, రాత్రి మూసేస్తారు కూడాను.

ఇందులో అసలు అలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉంటే అసంగతి. ప్లాను ముందు సీటులో, నడుంనొప్పి స్టీరింగు దగ్గర. నిద్ర సూత్రకారుడికి, మంగళవారం తొమ్మిదింటి మీటింగు తోలినవాడికి.

ఈ గేటుకు రెండు వైపులా ఉన్న గ్లేషియర్, వాటర్టన్ పార్కులను కలిపి 1932లో అంతర్జాతీయ శాంతి పార్కు అన్నారు. ప్రపంచంలో అదే మొదటిది. ఎలుగులూ ఎల్కులూ అటూ ఇటూ తిరుగుతాయి. కానీ 49వ అక్షాంశం వెంట అడవిలో ఇరవై అడుగుల వెడల్పున చెట్లు కొట్టేసి గీత గీశారు. మళ్ళీ మొలిస్తే మళ్ళీ కొడతారు. దానికి రెండు దేశాలకూ కలిపి ఒక సంఘం ఉంది. కొండ మీద నిలబడితే ఆ గీత ఒక శిఖరం ఎక్కి, దిగి, ఇంకో శిఖరం ఎక్కి పోతూ కనిపిస్తుంది. కొండకు తెలియని సంగతి ఒకటి కొండ మీద రాసి పెట్టినట్టు.

అందుకని ద్వితీయ సూత్రంలో ‘సుగమము’ అని దాటేసిన మాట దగ్గరికి తిరిగి రావలసి వచ్చింది. వ్యాఖ్యాతలు కష్టమైన చోటే సుగమమంటారని విద్యార్థుల ఫిర్యాదు. నిజమే.

‘ఎవరి డాక్యుమెంట్స్ వాళ్ళు చూసుకోండి.’

సూత్రకారుడు అమెరికా పౌరుడు. పాస్‌పోర్టు నీలిరంగు. మా పాస్‌పోర్టు కూడా నీలిరంగే. తేడా అట్టలో లేదు. గ్రీన్ కార్డున్న వాళ్ళకు కెనడా వీసా అక్కర్లేదు. హెచ్1 వీసా మీద ఉన్న భారతీయుడికి కావాలి. అర్జీ పెట్టాలి, వేలిముద్రలివ్వాలి, పాస్‌పోర్టు పంపాలి, అది తిరిగొచ్చేదాకా ఊరు కదలకూడదు, ఈలోగా ఇండియాలో ఎవరికీ ఏమీ కాకూడదు. ఇది పోవడానికి. రావడానికి మరో కథ. అమెరికా వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయినవాడు, ఐ-94 గడువుంటే, ముప్పై రోజుల లోపల కెనడా నుంచి తిరిగి రావచ్చని ఒక నియమం ఉంది. అక్కడున్నప్పుడు కొత్త స్టాంపుకి అర్జీ పెట్టకూడదు. నియమం ఉంది, ప్రింటు తీసి చేతిలో పట్టుకోవచ్చు. కానీ కిటికీలో ఉన్న అధికారి ఆ రోజు ఏమంటాడో అన్న భయం ప్రింటు కాగితానికి తగ్గదు. వాయిదా కడుతున్న ఇల్లు ఈవైపు, బడికి పోయే పిల్ల ఈవైపు, ఉద్యోగం ఈవైపు. తాను మాత్రం ఆవైపు, ఒక సరస్సు ఫోటో కోసం.

గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. “అన్నా, నాకు స్టాంపింగ్ లేదు, పర్లేదంటావా?” అన్న జవాబు: “ఏం కాదురా, నువ్వు ఊరికే టెన్షన్ పడతావ్.” తర్వాత బొటనవేలి బొమ్మ.

ఇక్కడ వ్యాకరణం నాకు తోచడం లేదు. యక్షుడికి కుబేరుడు శాపమిచ్చాడు, ఏడాది అన్నాడు. ఎనిమిది నెలలయ్యాయి, నాలుగు నెలలున్నాయి, విష్ణువు శేషశయ్య మీద నుంచి లేచేసరికి తీరిపోతుంది అని యక్షుడు మేఘానికి లెక్క చెప్పగలిగాడు. శాపానికి తేదీ ఉంది. గ్రీన్ కార్డు వరసలో ప్రతి దేశానికీ ఏడు శాతమే అని గీత గీసిన చోట, ఇండియాలో పుట్టినవాడికి తేదీ లేదు. పిల్లకు ఇరవై ఒకటి నిండి ఆమె వేరే వరసలో పడేదాకా కూడా రాకపోవచ్చు. కాళిదాసు శాపం ఇంతకన్నా దయగలది. ఆ తమ్ముడు ఏమీ అనలేదు. ‘ఈసారికి మేం రాలేం అన్నా, పాపకి జలుబు’ అని పెట్టాడు. సూత్రకారుడు ‘గెట్ వెల్ సూన్’ అన్నాడు.

ప్రకృతం అనుసరిద్దాం. తిరుగు దారిలో సరిహద్దు దగ్గర పచ్చి కరివేపాకు ఉంటే తీసేస్తారని షీటులో లేదు. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద బతుకుతుందని అమెరికాలోకి రానివ్వరు. వాంకూవరులో చవగ్గా దొరికిందని నాలుగు కట్టలు కొన్న వదినగారు గుర్తుంచుకోవాలి. కూరలో కరివేపాకులా తీసి పారేయడమన్న జాతీయాన్ని అక్షరాలా ప్రయోగించే ఏకైక సరిహద్దు ఇదే కావచ్చు. ఆ పని ఆకుకు జరిగితే ఫరవాలేదు.

షష్ఠ సూత్రము

“సజెషన్స్ వెల్‌కమ్.” చివర చేతులు జోడించిన బొమ్మ.

ఇది గ్రంథాంత మంగళం. మంగళానికి అర్థం వెతకరాదని, అది ఆచారమని కొందరు. అర్థముందని మరికొందరు. నేను రెండో పక్షం పట్టి ఒక సజెషన్ పెట్టాను: సరిహద్దు దాటొద్దు. ఈవైపే నార్త్ కాస్కేడ్స్‌లో, స్టేట్ రూట్ 20 మీద, డయాబ్లో లేక్ ఉంది. సియాటిల్ నుంచి సుమారు మూడు గంటలు. పేటో లేక్‌ది ఏ రంగో దానిదీ అదే, అదే రాతిపిండి. స్టాంపింగ్ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, పాపతో సహా, అందరం రావచ్చు. పొద్దున పది గంటలకు బయలుదేరుదాం. దారిలో ఎక్కడో ఇడ్లీ కాకుండా బర్గరు తిందాం. ఒక్కచోట రోజంతా కూర్చుందాం, తోలేవాడు కూడా కూర్చుంటాడు.

సూత్రకారుడు బొటనవేలి బొమ్మ పెట్టాడు. సాయంత్రానికి కొత్త పాఠం వెలువడింది, షీటు పేరు చివర ‘ఫైనల్ ఫైనల్’ అని. పాఠభేదాలు రెండే. డయాబ్లో లేక్ మొదటి రోజు పీస్ ఆర్చ్‌కి ముందు చేరింది, 15 మినిట్స్. షార్ప్ స్టార్ట్ నాలుగుకి మారింది.